మంచు ఊరికి గేర్ ఆయిల్

నరసరావుపేటలో వినుకొండ రోడ్డు మీద మాకొక చిన్న దుకాణం ఉంది. ఇంజన్ ఆయిళ్ళు, గ్రీజు, ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టులు అమ్ముతాం. ఇరవై రెండేళ్ళు దాన్ని మా ఆయన నడిపాడు. నేను ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి తప్ప ఆ గడప తొక్కేదాన్ని కాదు.

ఒక డిసెంబరు పొద్దున ఆయన పళ్ళు తోముకుంటూ పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒక్కసారే పోయాయి. గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక కాలు మెల్లగా స్వాధీనంలోకి వచ్చింది. చెయ్యి కొంచెం వచ్చింది. మాట మాత్రం రాలేదు. ఎదుటివాళ్ళు చెప్పేదంతా ఆయనకు తెలుస్తుంది. తను చెప్పాలనుకున్నదే నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. "ఆ", "ఊహూ", "అది" అనే మూడు మాటలతో రోజంతా గడిపేవాడు. అన్నం కావాలన్నా "అది", ఫ్యాను వెయ్యమన్నా "అది", కోపం వచ్చినా "అది".

నలభై రోజులు మూసి ఉన్న దుకాణం షట్టర్ చివరికి నేనే ఎత్తాను. నాకు ఒక్క డబ్బా సంగతీ తెలియదు. ఎదురుగా మెకానిక్ షెడ్డు. ఆ మెకానిక్‌ని నేను అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు. మా ఆయనకు మొదటి రోజు నుంచీ స్నేహితుడు. ఆయన రోడ్డు దాటి వచ్చి, "చెల్లెమ్మా, పై అరలో ఆ ఎర్ర డబ్బా, దాని పక్కన నీలం మూతది" అంటే నేను తీసి ఇచ్చేదాన్ని. ఆ రోజుల్లో నాకు సరుకంతా రంగులే. కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను చూసి, "అయ్య లేడా?" అని అడిగి, లేడంటే పక్క వీధికి పోయేవాళ్ళు.

తప్పు డబ్బా ఇచ్చి ఎవరి బండి పాడు చేస్తానో అన్న భయంతో, మధ్యాహ్నం బేరాల్లేని వేళ ఒక్కో డబ్బా కిందికి దించి దాని మీద రాసింది చదవడం మొదలుపెట్టాను. నా చదువు ఇంటర్మీడియట్. ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. అర్థం కాని మాటలు జాకెట్ల కొలతలు రాసుకునే పుస్తకంలో వెనక పేజీల్లో రాసుకునేదాన్ని. మెకానిక్ అన్న అది చూసి నవ్వాడు. "ఆయిల్ సంగతి చదివితే రాదు చెల్లెమ్మా. ఇట్టా వేళ్ళ మధ్య రాస్తే తెలుస్తది" అన్నాడు. నా వేళ్ళకు సూది తప్ప ఏం తెలుసు? చదువుతూనే ఉన్నాను.

అట్లా నాలుగు నెలలు గడిచాయి. మే నెలలో ఒక రోజు, పదకొండింటికే రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటున్న ఎండలో, ఒక చిన్న తెల్ల కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. యాభై ఏళ్ళ ఆవిడ దిగింది. మెడలో సన్నటి గొలుసుకు చిన్న శిలువ, చేతిలో నీళ్ళ సీసా. బొల్లాపల్లి వైపు పల్లెటూరి నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి, కేంద్ర ప్రభుత్వ బడిలో లెక్కల టీచరు. పెళ్ళి చేసుకోలేదు. ఆ కారును తొమ్మిదేళ్ళుగా తనే నడుపుకుంటోంది. ఆ సంగతులన్నీ తర్వాత తెలిశాయి. ఆ రోజు మాత్రం ఆమె మెకానిక్ అన్నను ఒకే మాట అడిగింది.

"మంచు పడే ఊళ్ళో ఈ కారుకి గేర్ ఆయిల్ ఏం వెయ్యాలండీ?"

అన్న చేతులు తుడుచుకుంటూ ఆమె వైపు, నెత్తి మీద ఎండ వైపు చూశాడు. "ఏ ఊరమ్మా?"

హిమాచల్‌కు బదిలీ అయింది, సిమ్లా దాటి ఇంకా పైకి వెళ్ళాలి, జూన్ మొదట్లో చేరాలి అని చెప్పింది. ఆ బడిలో పనిచేస్తున్నావిడతో ఫోన్‌లో మాట్లాడిందట. శీతాకాలం పొద్దున్నే గేర్ రాడ్డు బిగుసుకుపోతుంది, రెండో గేరు వెయ్యాలంటే చేతులు నొప్పి పుడతాయి, బయల్దేరే ముందు ఆయిల్ చూసుకుని రా అని ఆవిడ హెచ్చరించిందట.

"తొంభై నంబరు ఉంది గదా, అదే పోద్దాం" అన్నాడు అన్న. "ముప్పై ఏళ్ళుగా అదే పోస్తన్నా. బండి కదిలి వేడెక్కితే ఆడైనా ఈడైనా ఒకటేనమ్మా."

"వేడెక్కే దాకా కదలాలి కదండీ" అంది టీచరమ్మ.

అన్న నవ్వి, ఆయిల్ తీసుకురమ్మని ఆమెను రోడ్డు దాటించి నా దగ్గరికి పంపాడు. ఆమె మా కౌంటరు మీద చేతులు ఆనించి, నా వెనకున్న అరలన్నీ ఒకసారి చూసి, "మీరేమంటారు?" అని అడిగింది.

దుకాణంలో కూర్చున్నాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. తొంభై డబ్బా తీసి ఇచ్చేస్తే అయిపోయేది. కానీ నేను చదివిన వాటిలో ఏదో ఒక సంగతి సగం గుర్తొచ్చి, సగం రాకుండా ఆగిపోయింది.

"రేపు చెప్తానండీ" అన్నాను. "కారుతో ఇచ్చిన పుస్తకం ఉంటే ఈ పూటకు నాకిస్తారా?"

లెక్కల టీచరు కదా, పుస్తకం అడిగిన మనిషి మీద నమ్మకం కలిగినట్టుంది. కారు అరలోంచి తీసి ఇచ్చింది. తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తెరిచినట్టు లేదు. ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు.

ఆ సాయంత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే వంటింటి గట్టు మీద పెట్టుకుని పేజీలు తిప్పాను. చివర్లో దొరికింది. అడుగున జ్వరం చూసే కడ్డీలా వరసగా అంకెలు, సున్నాకి ఎడమ వైపు చలి, కుడి వైపు ఎండ. దాని పైన అడ్డంగా పొడుగు, పొట్టి గీతలు. ఒక్కో గీత ఒక్కో రకం ఆయిల్‌కి. మనం వాడే 80W-90 గీత చలి వైపు కొంత దూరం పోయి ఆగిపోయింది. 75W-90 గీత మాత్రం ఎడమ చివర నుంచి కుడి చివర దాకా ఉంది.

డబ్బాల మీద చదివి రాసుకున్నది అప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది. W అంటే వింటరు, శీతాకాలం. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎట్లా పారుతుందో చెబుతుంది. ఆ అంకె ఎంత తగ్గితే అంత చలిలోనూ చిక్కబడకుండా ఉంటుంది. వెనకున్న అంకె బండి వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. మన ఊళ్ళో అందరూ వెనక అంకె ఒక్కటే పలుకుతారు. తొంభై, నూట నలభై. ముందు అంకెతో ఇక్కడ ఎవరికీ పని పడలేదు. అసలు చలి ఉంటే కదా.

పుస్తకం తీసుకెళ్ళి మంచం మీదున్న మా ఆయనకు చూపించాను. పొడుగు గీత మీద వేలు పెట్టి, "ఇదేనా?" అన్నాను. ఆయన చాలాసేపు చూశాడు. ఎడమ చేత్తో నా వేలు పట్టుకుని ఆ గీత పొడవునా ఈ చివర నుంచి ఆ చివర దాకా జరిపాడు. "ఆ" అన్నాడు. తర్వాత ఆ పేజీలోనే కింద ఇంకో మాట దగ్గర వేలు ఆపి, "అది, అది" అన్నాడు. GL-4 అని రాసి ఉంది. ఏంటన్నాను. చెప్పలేక తల దిండు మీద వాల్చేశాడు. నేనూ గట్టిగా అడగలేదు. నా కొలతల పుస్తకంలో రాసుకున్నాను.

మరునాడు మెకానిక్ అన్నకు చెబితే ఒప్పుకోలేదు.

"డెబ్బై అయిదంటే నీళ్ళు గదమ్మా! ఆమె ఈడ నుంచి నాగపూరు మీదగా పోవాల. ఇయ్యి రోహిణి ఎండలు. ఆ నీళ్ళ ఆయిల్‌తో పోతే ఆదిలాబాద్ దాటకముందే గేర్ బాక్సు ఏడుస్తది. అప్పుడు ఆమె నిన్ను కాదు, నన్ను తిడతది."

"వెనక అంకె రెండిటికీ తొంభయ్యే అన్నా. వేడిలో రెండూ ఒకటే."

"అట్టా అని రాసుంటే సరిపోద్దా?"

ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. నేను చలినీ చూడలేదు, గేర్ బాక్సునూ విప్పలేదు. కౌంటరు వెనక కూర్చుని ఆలోచిస్తుంటే మూడు కొట్ల అవతల ఐస్‌క్రీమ్ కొట్టు నడిపే పిన్ని మీద చూపు పడింది. ఆమె పెద్ద ఫ్రీజరు మూత ఎత్తితే తెల్లటి ఆవిరి పొగలా లేస్తోంది.

మూడు ఖాళీ దగ్గు మందు సీసాలు కడిగి ఆరబెట్టాను. ఒకదాంట్లో లారీలకు పోసే నూట నలభై, రెండో దాంట్లో మన 80W-90 పోశాను. మూడో దానికి అదృష్టం కలిసొచ్చింది. ఎప్పుడో ఒక డాక్టరు గారి పెద్ద కారు కోసం మా ఆయన తెప్పించిన 75W-90 డబ్బా అడుగున రెండు చెంచాలంత మిగిలి ఉంది. మూడిటికీ మూతలు బిగించి, కవర్లో చుట్టి పిన్ని దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఏందే ఇది? నా ఐస్‌క్రీమ్‌లో ఇంజనాయిల్ పెడతావా?" అని కసిరింది.

"మూత గట్టిగా బిగించా పిన్నీ. సాయంత్రం దాకా అంతే. అడుగున పెట్టు."

గొణుక్కుంటూనే పెట్టింది. అయిదింటికి అన్నను పిలిచాను. టీచరమ్మ కూడా పుస్తకం కోసం అప్పుడే వచ్చింది. ముగ్గురం ఫ్రీజరు చుట్టూ నిలబడ్డాం. పిన్ని సీసాలు తీసి ఇస్తే ఒక్కొక్కటే తలకిందులు చేశాను.

నూట నలభై కదల్లేదు. సీసా తిరగబడినా ఆయిల్ అడుగునే అతుక్కుని అట్లాగే వేలాడింది. 80W-90 కదిలింది కానీ, గట్టిపడిన బెల్లం పాకంలా, అంగుళం జారడానికి చాలాసేపు పట్టింది. మూడో సీసా తిప్పగానే ఆయిల్ మెల్లగా, ఆగకుండా, తేనెలా మూత వైపు దిగిపోయింది.

అన్న మూడో సీసా నా చేతిలోంచి తీసుకుని మళ్ళీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మూత తీసి, ఒక చుక్క వేళ్ళ మధ్య రాసి చూశాడు. ఆ తర్వాత 80W-90 సీసా తీసుకుని దాన్నీ అట్లాగే చూశాడు.

"ఇంత తేడా ఉంటదా!" అన్నాడు చివరికి. "ఈ పాకంలో గేరు పళ్ళు ఎట్టా తిరుగుతయ్యి? నిజమే చెల్లెమ్మా. తెప్పియ్యి."

టీచరమ్మ నవ్వుతూ, "ప్రయోగం బాగుంది. మా పిల్లలకు చూపించాల్సింది" అంది. పిన్ని మాత్రం ఫ్రీజరులో సీసాలు పెట్టిన చోటును గుడ్డతో రెండుసార్లు తుడిచింది.

గుంటూరు డీలరుకు ఫోన్ చేసి చెప్పాను. గురువారం పార్సిల్ బస్సులో వచ్చింది. టీచరమ్మ శనివారం పొద్దున్నే బయల్దేరాలి. అన్న అప్పటికే కారును షెడ్డులోకి ఎక్కించి కింద తొట్టి పెట్టేశాడు. నేను సీసాలు విప్పి, కొత్తగా అలవాటైన పద్ధతిలో వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. 75W-90 సరిగ్గానే ఉంది. దాని కింద GL-5 అని ఉంది.

"అన్నా, ఆగు. పుస్తకంలో నాలుగు అని ఉంది. ఇది అయిదు."

"నాలుగు కంటే అయిదు ఎక్కువ గదా. ఇంకా మంచిదే అవుద్ది. పొయ్యమంటావా?"

నిజంగానే అయిదు ఎక్కువే కదా అనిపించింది. మా ఆయన ఆ రోజే మొదటిసారి కర్ర పట్టుకుని దుకాణం దాకా నడిచొచ్చి లోపల కుర్చీలో కూర్చున్నాడు. మా మాటలు విని లేచాడు. కింది సొరుగు లాగి, పాత మేకుల కింద వెతికి, ఒక ఇత్తడి రింగు తీశాడు. గాజంత ఉంది, అంచు చుట్టూ సన్నటి పళ్ళు. దాన్ని కౌంటరు మీద పెట్టి, పక్కనే ఆ కొత్త సీసా పెట్టాడు. రెండిటినీ చూపించి తల అడ్డంగా ఊపాడు. "ఊహూ. ఊహూ." తర్వాత గోటితో రింగు పళ్ళ మీద గీకాడు. పళ్ళు అరిగి నున్నగా ఉన్నాయి.

అన్న రింగు చేతిలోకి తీసుకున్నాడు. "సింక్రో రింగు" అన్నాడు. గేరు మారేటప్పుడు లోపలి రెండు పళ్ళ చక్రాల వేగాన్ని కలిపేది అదేనని, అది అరిగితే గేరు పడేటప్పుడు కర్రుమంటుందని నాకు చెప్పాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "అయిదో రకంలో కలిపే మందు ఇత్తడికి పడదంటావా?"

"ఆ!" అన్నాడు మా ఆయన. ముఖమంతా వెలిగిపోయింది. అయిదు నెలల్లో తను చెప్పాలనుకున్న పెద్ద సంగతి ఎదుటివాడికి మొత్తంగా అందడం అదే మొదటిసారి. అన్న ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "ఇన్నేళ్ళు నువ్వు చూసి ఇస్తన్నావు, నేను పోస్తన్నా. నువ్వు చూస్తన్నావనే సంగతే నాకు తెలవదురా" అన్నాడు. ఆ మాటకు మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను సీసాలు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

డీలరుకు ఫోన్ చేస్తే నాలుగో రకం వారం తర్వాత వస్తుందన్నాడు. శుక్రవారం పొద్దున నేను విజయవాడ బస్సెక్కాను. సరుకు కోసం ఒంటరిగా వెళ్ళడం అదే మొదలు. దుకాణం ఎవరు చూస్తారంటే మా ఆయన తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. భయం వేసింది. అయినా తాళాలు ఆయన ఒళ్ళో పెట్టాను.

ఆటోనగర్‌లో వరసగా ఒక్కో కొట్టూ ఎక్కాను. "ఎవరు పంపారమ్మా? స్లిప్పు ఇవ్వు" అనేవాళ్ళు. స్లిప్పు లేదు, నేనే అడుగుతున్నాను అంటే వింతగా చూసేవాళ్ళు. ఒకాయన అయిదో రకమే చేతిలో పెట్టి, రెండూ ఒకటే తీసుకెళ్ళమన్నాడు. ఒకటి కాదండీ, కారు గేర్ బాక్సులో ఇత్తడి రింగులుంటాయి అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అంత తేలిగ్గా వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది. ఏడో కొట్లోనో ఎనిమిదో కొట్లోనో కళ్ళద్దాల పెద్దాయన నేను చెప్పింది పూర్తిగా విని, "చలి దేశానికా? అయితే నువ్వు అడిగిందే కరెక్టమ్మా" అని నిచ్చెన వేసుకుని పై అరలోంచి మూడు సీసాలు దించాడు. కూడబలుక్కుని చదివాను. 75W-90. GL-4. బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

సాయంత్రం దిగి వచ్చేసరికి దుకాణం తెరిచే ఉంది. మా ఆయన కౌంటరు వెనక కుర్చీలో కూర్చుని, ఎడమ చేత్తో ఒక లారీ డ్రైవరుకు ఏదో డబ్బా చూపిస్తున్నాడు. డ్రైవరు ఇదా అంటే "ఊహూ", ఇదా అంటే "ఊహూ", ఇదా అంటే "ఆ". ఇద్దరూ నవ్వుతున్నారు. పొద్దుటి నుంచీ అట్లాగే బేరాలు చేశాడని అన్న చెప్పాడు.

శనివారం తెల్లవారి ఆరింటికి అన్న ఆయిల్ మార్చాడు. ముందు కారును కాసేపు తిప్పుకొచ్చి వేడి చేశాడు. కింద బోల్టు విప్పబోయే ముందు పైన పోసే బోల్టు వదులు చేసి చూశాడు. ఎందుకంటే, "పాతది కార్చేసినాక పోసే బోల్టు ఊడకపోతే కారు ఈడే ఉండిపోద్ది" అన్నాడు. పాత ఆయిల్ నల్లగా తొట్టిలోకి దిగింది. బోల్టు కొసనున్న అయస్కాంతానికి ఇనుప పొడి బురదలా అంటుకుంది. దాన్ని తుడిచి బిగించి, కొత్తది గొట్టంతో మెల్లగా పోశాడు. పక్క కన్నంలోంచి సన్నటి ధారగా బయటికి వచ్చినప్పుడు ఆపాడు. సరిపోయిందనడానికి అదే గుర్తట.

టీచరమ్మకు తోడుగా, ఒకప్పుడు లారీ నడిపిన ఆమె సొంత అన్న వెళ్ళి, ఆమెను అక్కడ దింపి రైల్లో వెనక్కి వస్తాడు. ఆమె కారు బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ప్రార్థన చేసుకుంది. మెకానిక్ అన్న తల మీది టోపీ తీసి పట్టుకున్నాడు. ఆమె కళ్ళు తెరిచి నా చేతులు పట్టుకుంది. "చలి మొదలయ్యాక ఫోన్ చేస్తాను" అంది.

దారిలో రెండుసార్లు చేసింది. ఆదిలాబాద్‌లో, నాగపూరు దాటాక. గేర్లు మెత్తగా పడుతున్నాయి, చప్పుడు లేదు అంది. ఆ రెండుసార్లూ అన్నను పిలిచి ఫోన్ ఇచ్చాను. రెండోసారి ఆయన విని, "ఆ ఎండలో కూడా?" అని అడిగి, ఫోన్ నాకు తిరిగిచ్చి షెడ్డుకు వెళ్ళిపోయాడు.

తర్వాత నెలలు గడిచాయి. దుకాణంలో బేరాలు లేనప్పుడు నేను డబ్బాల మీది అంకెలు చదువుతుంటే మా ఆయన కూడా పెదాలు కదిపేవాడు. మాటలు నేర్పే డాక్టరమ్మ అంకెలతో మొదలుపెట్టమంది. ఆగస్టులో ఒక మధ్యాహ్నం, నేను డెబ్బై అనగానే ఆయన "అయిదు" అన్నాడు. స్పష్టంగా. మళ్ళీ డెబ్బై అన్నాను, మళ్ళీ అన్నాడు. అయిదు తర్వాత తొంభై వచ్చింది. తొంభై తర్వాత, పదిహేను రోజులకు, నా పేరు వచ్చింది.

చలి జనవరిలో ముదిరింది. మాకు కాదు, ఆమెకు. ఒక పొద్దున ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"కారు కదల్లేదమ్మా" అంది టీచరమ్మ. గొంతు గాలిలో కొట్టుకుపోతున్నట్టుంది. "నిన్నంతా మంచు. ఇక్కడి మెకానిక్ వచ్చి చూస్తున్నాడు. గేర్లు..." అని ఫోన్ తెగిపోయింది.

మళ్ళీ చేస్తే కలవలేదు. పదిసార్లు చేశాను. అంత దూరాన, మనిషి ఒంటరిగా, నా మాట నమ్మి. పుస్తకం తప్పు చదివానా? చలి ఆ గీత చివర కూడా దాటిపోయిందా? ముప్పై ఏళ్ళ అనుభవమున్న మనిషి మాట కాదని, నాలుగు నెలల చదువుతో ఎందుకు నోరు తెరిచాను?

మెకానిక్ అన్నకు చెప్పాను. చెప్పానా, లేదా అని ఒక్క మాట అంటాడేమో అనుకున్నాను. ఆయన స్టూలు లాక్కుని మా కొట్టు ముందు కూర్చున్నాడు. "సీసా నేను కూడా తిప్పి చూశా గదా చెల్లెమ్మా. తప్పయితే ఇద్దరిదీ. ముందు ఏమైందో తెలియనీ" అన్నాడు. ఆ పూట షెడ్డులో పనున్నా మధ్యాహ్నం దాకా మధ్య మధ్యలో వచ్చి కూర్చుంటూనే ఉన్నాడు.

రెండింటికి ఫోన్ వచ్చింది. స్పీకరు పెట్టాను.

"బ్యాటరీ అమ్మా!" అంది టీచరమ్మ, నవ్వుతూ. "తొమ్మిదేళ్ళ నుంచి మార్చని వైర్లు, చలికి చచ్చిన బ్యాటరీ. కొత్తది వేశారు. పొద్దున చెప్పబోయింది అదే, గేర్లు బాగానే ఉన్నాయి, ఇంజనే తిరగట్లేదు అని."

అన్న ఫోన్ దగ్గరికి వంగి, "అమ్మా, రెండో గేరు ఎట్టా పడతంది? నిజం చెప్పాల" అన్నాడు.

"నిజమే చెప్తానండీ. బయల్దేరిన మొదటి రెండు మలుపుల దాకా కొంచెం బిగువుగా ఉంటుంది. తర్వాత మామూలే. పక్కింటాయన పాత కారుకి మాత్రం అరగంట దాకా రెండో గేరు పడదు, ఒకటో గేరులోనే పాకుతుంటాడు. ఇక్కడి మెకానిక్ ఆయిల్ చూసి ఎవరు వేశారని అడిగాడు. మా ఊరివాళ్ళు అన్నాను. మీ ఊళ్ళో కూడా చలెక్కువా అన్నాడు. జనవరిలో కూడా ఫ్యాను వేసుకుంటాం అంటే నమ్మలేదు."

అన్న పకపకా నవ్వాడు. మా ఆయన కుర్చీలోంచి "బాగుంది" అన్నాడు. అది కొత్త మాట. నేను విన్నాను, అన్న విన్నాడు, అన్ని వందల మైళ్ళ అవతల టీచరమ్మ కూడా విని, "ఎవరు, సారేనా?" అంది.

ఆ తర్వాత నా దుకాణంలో పెద్ద మార్పేమీ లేదు. "అయ్య లేడా?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాకపోతే మెకానిక్ అన్న ఇప్పుడు ఏ కారు వచ్చినా ముందు దాని పుస్తకం తెమ్మని రోడ్డు దాటించి పంపుతాడు. "ఆ కొట్లో మా చెల్లెమ్మ ఉంటది, ఆమె చదివి చెబితే పోస్తా" అంటాడు. కొందరి కార్లకు పుస్తకమే ఉండదు. అప్పుడు ఫోన్‌లో వెతుకుతాను. తెలియకపోతే తెలియదనే చెబుతాను, రేపు రమ్మంటాను. చాలామంది వస్తున్నారు.

ఈ డిసెంబరులో మేం టీచరమ్మ ఊరికి వెళ్తున్నాం. విజయవాడ నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి చండీగఢ్. చండీగఢ్ స్టేషనుకు ఆమె కారు తీసుకుని వస్తానంది. మా ఆయనను కొండ దారిలో ముందు సీట్లో కూర్చోబెడతానంది. పళ్ళు పటపటలాడే చలి ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు. ఊళ్ళోకి ఉన్ని బట్టలు అమ్మేవాళ్ళు రాగానే మూడు స్వెట్టర్లు తీసుకోవాలి. రెండు మాకు. మూడోది మెకానిక్ అన్నకు. టిక్కెట్లు రెండే తీస్తున్నానని తెలిసి ఆయన నిన్న పొద్దున వచ్చి కౌంటరు దగ్గర చాలాసేపు తచ్చాడాడు.

"షెడ్డు వారం రోజులు మూస్తే ఏం గాదులే చెల్లెమ్మా" అన్నాడు. "నాక్కూడా ఒక టిక్కెట్టు చూడు. ఆడ ఆ బండి నేనొకసారి నడపాల."